యూరప్‌లో రైలు ప్రయాణం: పాస్ మేలా, విడి టికెట్లు మేలా?

ఒకే పాస్‌తో 33 దేశాలు చుట్టి రావచ్చన్న ప్రకటన ఎవరినైనా ఆకర్షిస్తుంది. అయితే పాస్ ఉన్నంత మాత్రాన ప్రతి రైలూ ఎక్కడం కుదరదు. ఈ తేడా ముందే తెలుసుకోకపోతే డబ్బు రెండుసార్లు చెల్లించవలసి వస్తుంది.

యూరప్ వెలుపల నివసించేవారికి యూరైల్, అక్కడ నివసించేవారికి ఇంటర్‌రైల్ పాస్ వర్తిస్తాయి. ఇక్కడ ప్రమాణం నివాసమే కాని పౌరసత్వం కాదు. మ్యూనిక్‌లో చదువుకుంటున్న కుమార్తెను చూడటానికి గుంటూరు నుంచి వెళ్లే తల్లిదండ్రులు యూరైల్ తీసుకోవాలి. భారత పాస్‌పోర్టే ఉన్నా కుమార్తె కొనవలసింది ఇంటర్‌రైల్. పైగా నివాస దేశమైన జర్మనీలో ఆ పాస్ సరిహద్దు దాటి వెళ్లడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే పనిచేస్తుంది.

అసలు చిక్కు రిజర్వేషన్‌తో వస్తుంది. మన రైల్వేలో రిజర్వేషన్ టికెట్‌లోనే భాగం. యూరైల్ పాస్‌లో అది వేరు, రుసుమూ వేరు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో పగటిపూట నడిచే చాలా రైళ్లలో రిజర్వేషన్ లేకుండానే ఎక్కి, ఖాళీ సీటు చూసుకుని కూర్చోవచ్చు. దాన్ని మన జనరల్ బోగీతో పోల్చుకోనక్కరలేదు. ఫ్రాన్స్‌లోని టీజీవీ, స్పెయిన్‌లోని ఏవీఈ, ఇటలీలోని ఫ్రెచ్చారోస్సా, లండన్ వెళ్లే యూరోస్టార్ రైళ్లలో మాత్రం రిజర్వేషన్ తప్పనిసరి. టీజీవీ, యూరోస్టార్‌లలో పాస్‌దారులకు కేటాయించే సీట్లు పరిమితం. మామూలు టికెట్లు దొరుకుతున్నప్పటికీ పాస్‌దారుల కోటా నిండిపోయి ఉండవచ్చు. ఇటలీలోని ఇటాలో, ఫ్రాన్స్‌లోని చౌక రైలు విగో అయితే ఈ పాస్‌ను అసలే అంగీకరించవు.

అందువల్ల పాస్ ధరను ప్రయాణ దినాలతో భాగించి, దానికి రిజర్వేషన్ రుసుములు కలిపి, విడి టికెట్ల ధరతో పోల్చుకోవాలి. అక్కడి వేగవంతమైన రైళ్ల టికెట్లు విమాన టికెట్ల వంటివి; రెండు మూడు నెలల ముందు చౌక, ప్రయాణం దగ్గరపడేకొద్దీ ప్రియం. తేదీలు ఖరారై మూడు నాలుగు ప్రయాణాలే ఉంటే విడి టికెట్లే సాధారణంగా లాభం. రోజుకో ఊరు మారుతూ, మధ్యలో మనసు మార్చుకునే వీలు కావాలనుకునేవారికే పాస్ సార్థకం.

భారతీయుల విషయంలో వీసాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. షెంగెన్ వీసాపై నిర్ణయానికి సాధారణ గడువు 15 రోజులు. అది 45 రోజుల వరకు పొడిగే అవకాశం ఉంది. రద్దు చేసుకునే వీలులేని చౌక టికెట్లను వీసా చేతికి రాకముందే కొనడం జూదమే. పాస్ చెల్లే బ్రిటన్, ఐర్లాండ్‌లకు షెంగెన్ వీసా చెల్లదు.

పాస్‌లో ప్రయాణ దినమంటే అర్ధరాత్రి నుంచి మరుసటి అర్ధరాత్రి వరకు. రాత్రి రైలు ఎక్కి, అర్ధరాత్రి తరువాత మరో రైలు మారకపోతే బయలుదేరిన రోజు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 27 ఏళ్ల వరకు యువతకు, 60 నిండినవారికి రాయితీ ఉంది. మొబైల్ పాస్ వాడేవారు ప్రతి ప్రయాణాన్నీ రైలు ఎక్కకముందే యాప్‌లో నమోదు చేసుకోవాలి. అలా చేయకపోతే తనిఖీ సిబ్బంది టికెట్ లేని ప్రయాణంగా పరిగణించి జరిమానా విధించవచ్చు.