స్టేషన్ పక్కన ఇల్లంటే ఎంత పక్కన?

వానాకాలం వస్తే పర్లకోట నీళ్లు వంతెన మీదికెక్కి భామ్రాగడ్‌కు తొవ్వ బందయితది. అట్ల ఇంట్లో కూసున్న రోజే పెద్దకొడుకు ఫోను చేసిండు. "బాపూ, మిల్లు కార్మికుల ఇండ్లు వాంగణి, శేలు దిక్కు ఇస్తరట. స్టేషన్ దగ్గరే అంటున్నరు. తీసుకుందామా, వద్దా?"

నేను 1979లో బొంబాయి పోయి సాంచెల ఖాతాలో బదిలీగా చేరిన. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో నేనూ ఉన్న. ఇంటికోసం నా అర్జీ కూడా ఉన్నది. మన పత్రిక వచ్చే చాలా ఇండ్లల్లో ఇప్పుడు ఇదే ముచ్చట నడుస్తుండొచ్చు. అందుకే మేం ఏ లెక్క చూసినమో రాస్తున్న.

స్టేషన్ చుట్టూ ఇండ్లు, పనులు, దుకాణాలు పెంచాలని కేంద్ర సర్కారు 2017లో ఒక విధానమే తెచ్చింది. అందులో దగ్గర అంటే 500 నుంచి 800 మీటర్లు, పది నిమిషాల నడక. ఏ స్టేషన్ దీనికి పనికొస్తదో ఎట్ల తెలుస్తదని నాగపూర్‌లో చదివే మనవరాలిని అడిగిన. నెదర్లాండ్స్‌లో బెర్తొలీని అనే పండితుడున్నడట (నాకు నాలుక తిరగలే). ఆయన రెండు లెక్కలు చూడమన్నడు. ఒకటి, ఎన్ని బండ్లు, ఎన్ని దిక్కులకు పోతయి. రెండోది, చుట్టూ ఎంతమంది ఉంటరు, ఎన్ని పనులున్నయి. రెండూ సమంగా తూగాలె.

ఇది వినంగనే లోయర్ పరేల్ యాదికొచ్చింది. డిలైల్ రోడ్డు చాల్‌లో ఒక్క ఖోలీలో పదిమందిమి ఉండేది. భోంగా మోగితే లేచి పొద్దుగాల ఏడు గంటల పాళికి నడిచిపోయేది. ఇటు లోయర్ పరేల్ స్టేషన్, అటు కరీరోడ్. కానీ మాకు రైలు పనే తక్కువ. మిల్లు, ఖానావళి, కేఈఎం దవాఖాన అన్నీ కాలినడకనే. రైలెక్కితే ఊరికి పోయేటందుకే.

మిల్లులు బందైనంక ఆ జాగల్లో టవర్లు లేచినయి. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లు ఆఫీసులయింది. 1991 నియమంలో మిల్లు జాగను మూడు పాళ్లు చేసి ఒకటి మున్సిపాలిటీకి, ఒకటి ఇండ్లకోసం మ్హాడాకు, ఒకటి మాలికుకు అన్నరు. 2001లో దాన్ని మార్చి ఖాళీగా ఉన్న జాగనే పంచాలన్నరు. పంచేదే తగ్గిపోయింది. మాలో కొంతమందికి పరేల్, సెవ్రీ దిక్కు ఇండ్లు దొరికినయి, వాళ్ల అదృష్టం.

పాళీల వారీగా నడిచొచ్చే మా బదులు, ఇప్పుడు ఆఫీసు జనమంతా ఒక్కసారే రైళ్లు దిగుతరు. 2017 సెప్టెంబర్ 29 పొద్దున, వానలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే వంతెన మెట్ల మీద తొక్కిసలాటయి 23 మంది చచ్చిపోయిన్రు. తర్వాత సైన్యం వచ్చి కొత్త వంతెన కట్టింది. ఎన్ని అంతస్తులు లేపొచ్చో చూసినోళ్లు మెట్ల వెడల్పు చూడలే.

వాంగణి, శేలు దీనికి ఉల్టా. సీఎస్‌ఎంటీ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. బద్లాపూర్ దాటితే రెండే పట్టాలు, పోను ఒకటి, రాను ఒకటి. పుణె పోయే పెద్ద బండ్లు కూడా వాటి మీదనే. లోకల్ బండ్లు పెంచాలన్నా జాగేది? ఆ రెండు ఊర్ల దగ్గర కలిపి 81 వేల ఇండ్లంటున్నరు. ఇంటికొక్కరు పనికి పోయినా, బండికి ఐదు వేలమంది కిక్కిరిసి ఎక్కినా, 16 బండ్లు నిండుతయి. బద్లాపూర్‌లో ఎక్కేటోళ్లను ఇందులో కలపలేదు.

2019 జూలై 27న ఉల్హాస్ నది పొంగితే బద్లాపూర్, వాంగణి నడుమ మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ నీళ్లల్లో నిలిచిపోయింది. వెయ్యికి పైగా జనాన్ని బయటికి తెచ్చెటందుకు పడవలు పోవాల్సొచ్చింది. పర్లకోట పక్కన బతికెటోనికి ఇది ఎక్కువ చెప్పనక్కర్లేదు.

అట్లని వద్దనుడు సులువు కాదు. కొడుకు డోంబివలిలో కిరాయికుంటడు. చేసేది లోయర్ పరేల్‌లో, ఒకప్పుడు మిల్లున్న జాగలోనే, లిఫ్టు నడిపే పని. మా ఇంటామె అయితే "సొంతిల్లు సొంతిల్లే, దూరమైతే ఏంది, నీ అసొంటోనికి మళ్ల అడిగి ఇస్తరా?" అంటది. ఆమె మాట తీసెయ్యలేను. కట్టాల్సిన తొమ్మిదిన్నర లక్షల సంగతి అడిగితే మాత్రం ఇద్దరం చప్పుడు చెయ్యం.

కొడుకుకు ఒక్కటే చెప్పిన. ఆదివారం పోయి చూడకు, ఆదివారం ఏ స్టేషనైనా మంచిగనే కనబడతది. సోమవారం పొద్దుగాల ఐదింటికి వాంగణిలో నిలబడు. ఇండ్లు కట్టే జాగ నుంచి ప్లాట్‌ఫారం దాకా నడిచి చూడు, దవాఖాన ఎంత దూరమో అడుగు, దాదర్‌లో దిగి బండి మారి పనికాడికి పోయేటాల్లకు ఎంత సేపయిందో గడియారం చూడు. సాయంత్రం అదే తొవ్వల తిరిగి రా.

సెలవు పెట్టకుండనే చూస్తనన్నడు, ఎట్లయినా పనికి పోవాల్సిందే కదా. సోమవారం రాత్రి ఫోను చేస్తడట. ఇక్కడ టవర్ పనిచేస్తే మాట్లాడుకుంటం.