మాజీ సైనికుని వైకల్య పింఛను – న్యాయస్థానముల తీర్పులు

కాసిపేట వంటి బొగ్గుగనుల గ్రామములలో వైకల్యమనగా నేమో ఎవరికిని వివరింప నక్కరలేదు. గనిలో కప్పు కూలి కార్మికుని కాలు విరిగినచో, ఆ గాయమెట్లు కలిగినదో తోటివారందరు నెరుగుదురు. కాని సైన్యమునుండి ఇల్లు చేరిన జవానుకు మూర్ఛవ్యాధి యున్నచో, అది కొలువులో వచ్చినదని చెప్పు సాక్షి యెవరు? ఈ చిక్కును సుప్రీంకోర్టు ఎట్లు విప్పినదో పంచాయతీ సభ్యులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

సాధారణముగా వైకల్య పింఛనుకు రెండు షరతులు కలవు. వైకల్యము 20 శాతమునకు తగ్గరాదు. అది సర్వీసు వలన కలిగినదిగాని, సర్వీసు వలన ముదిరినదిగాని కావలెను. పెక్కు దరఖాస్తులు ఈ రెండవ షరతు వద్దనే ఆగిపోవును.

ధరమ్‌వీర్ సింగ్ అను సిపాయి 1985లో సైన్యమున చేరెను. 1994లో మూర్ఛవ్యాధి వలన ఆయనను ఇంటికి పంపిరి. వైకల్యము 20 శాతమని నిర్ణయించియు, జబ్బు సర్వీసుకు సంబంధించినది కాదని మెడికల్ బోర్డు వ్రాసినందున పింఛను నిరాకరింపబడెను. 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినది. చేరునాటి వైద్య పరీక్షలో ఏ జబ్బును నమోదు కానిచో, ఆతడు ఆరోగ్యవంతుడై చేరినట్లే భావింపవలెను. తరువాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధము లేదని నిరూపించు భారము ప్రభుత్వముదే. బోర్డు కారణములను వ్రాయవలెను. సందేహమున్నచో దాని మేలు సైనికునికే చెందవలెను. అట్లని ప్రతి జబ్బుకును పింఛను వచ్చునని కాదు. బోర్డు తగిన కారణములు చూపినచో దరఖాస్తు నిలువదు.

రెండవ తీర్పు 2014 డిసెంబరు 10 నాటిది, రామ్ అవతార్ వ్యాజ్యములోనిది. వైకల్యము 50 శాతమునకు లోపలనున్నచో 50గను, 50 మొదలు 75 వరకు 75గను, ఆపైన 100గను లెక్కించు సదుపాయము పదవీ విరమణ చేసినవారికిని వర్తించునని అందు తేలినది. ఉదాహరణమునకు, నూరు శాతము వైకల్యమునకు వేతనములో 30 శాతము వైకల్యాంశముగా వచ్చును. వేతనము 30,000 రూపాయలైనచో 20 శాతమునకు 1,800 రూపాయలగును. దానిని 50గా లెక్కించినచో 4,500 అగును.

మూడవ తీర్పు ఒక హెచ్చరిక. తర్సేమ్ సింగ్ 1983లో సైన్యమును వీడి, 1999లో కోర్టు కెక్కెను. 2008లో సుప్రీంకోర్టు ఆయన హక్కును కాదనలేదు. బకాయిలను మాత్రము దావాకు ముందరి మూడేండ్లకు పరిమితము చేసినది. పదునారేండ్ల యాలస్యమునకు చెల్లించిన మూల్యమిది.

కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామములోని మాజీ సైనికుల యిండ్లకు పోయి, డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు పత్రములు, తిరస్కార ఉత్తరము ఉన్నవా అని విచారింపవలెను. లేనిచో రికార్డు ఆఫీసుకు దరఖాస్తు వ్రాయించి, నకళ్ళు తెప్పింపవలెను. పిదప సైనిక సంక్షేమ కార్యాలయము సహాయముతో అప్పీలు చేయింపవలెను. అదియు విఫలమైనచో, 2007 చట్టము ననుసరించి ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునలు కలదు. తెలంగాణ దాని చెన్నై పీఠము పరిధిలోనిది. తుది ఉత్తరువు వెలువడిన ఆరు మాసములలో అర్జీ పెట్టవలెను. 2023 సెప్టెంబరు 21 మొదలు కొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. అందువలన సర్వీసు విడిచిన తేదీని తప్పక చూడవలెను.

తీర్పు ఢిల్లీలో వెలువడినను, దాని ఫలము తనంత తాను కాసిపేటకు నడచి రాదు. పెట్టె యడుగున పడియున్న తిరస్కార ఉత్తరమును బయటికి తీయించి చదివి వినిపించు సభ్యుడే ఆ ఫలమును ఇంటికి చేర్చగలడు.