తండా పిల్లల బతుకు పాఠంలోకి వస్తే... అపోహలు, వాస్తవాలు

కామారెడ్డి జిల్లా లింగంపేట మండలంలో ఊళ్లతోపాటు తండాలూ ఉన్నాయి. తండా పిల్లలు ఆడుకునేది, అలిగేది, కథలు వినేది లంబాడీలో. బడిలో ఎదురయ్యేది తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియమూ తోడైంది. ఈ పిల్లల భాషకు, బతుకుకు పాఠంలో చోటివ్వాలి అనగానే కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: ఇదంతా అమెరికా నుంచి దిగిన ఫ్యాషన్.

వాస్తవం: విద్యావేత్తలు గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో, జెనీవా గే 2000లో అక్కడ దీని గురించి విస్తారంగా రాశారు. అయితే మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలంటుందది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌దీ అదే మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషల్లో మొదలైన బహుభాషా విద్యలో గోండి, కోయ, సవరలతోపాటు లంబాడీ (బంజారా) కూడా ఉంది.

అపోహ: లిపి లేని భాషతో చదువేమిటి?

వాస్తవం: హిందీ, మరాఠీ రెండింటినీ దేవనాగరిలోనే రాస్తారు. ఇంగ్లీషుకు వాడేది రోమన్ అక్షరాలు. లంబాడీని తెలుగు అక్షరాల్లో హాయిగా రాయవచ్చు, రాశారు కూడా.

అపోహ: బడిలో లంబాడీ మాట్లాడనిస్తే తెలుగు, ఇంగ్లీషు రావు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఇంట్లో నీళ్లను 'పాణి', అమ్మను 'యాడి' అనే పాప ఒకటో తరగతిలో కూర్చుంది. టీచరు ఒక్కసారి 'పాణి' అని నీళ్లు చూపిస్తే ఆమె నేర్చుకోవాల్సింది కొత్త మాట ఒక్కటే. అదీ లేకపోతే మాటా కొత్తదే, సంగతీ కొత్తదే. అప్పుడు మిగిలేది బట్టీ. చిన్నపిల్లలకు తెలిసిన భాషలో మొదలుపెట్టాలని యునెస్కో నిపుణులు 1953లోనే చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానమూ వీలున్న చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో లేదా స్థానిక భాషలో బోధన ఉండాలంది. పిల్లలకు ఇంగ్లీషు రావాలన్న తల్లిదండ్రుల ఆశ న్యాయమైనది. ఆ ఆశ తీరాలన్నా పునాది ఇంటి భాషలోనే పడాలి.

అపోహ: లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి పిల్లలకు వేషాలు వేయించాం, సరిపోతుంది.

వాస్తవం: వేషం ఆ సాయంత్రానికే విప్పేస్తారు. పాఠంలోకి రావాల్సింది పిల్లలకు తెలిసిన విషయం. శ్రావణంలో వచ్చే తీజ్‌నే చూడండి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఏ గింజ ఎప్పుడు మొలిచిందో, నీళ్లు తక్కువైన బుట్ట ఏమైందో వాళ్లకు తెలుసు. విత్తనాలు మొలకెత్తే పాఠం చెప్పే రోజు ఆ పిల్లలనే ముందు మాట్లాడనివ్వాలి. రోజూ మొలక ఎత్తు కొలిచి రాస్తే గ్రాఫు కూడా తయారవుతుంది. లంబాడీ రవికె మీది అద్దాల కుట్టులో సౌష్ఠవం కళ్లెదుటే ఉంటుంది. లింగంపేటలోని నాగన్న బావి మెట్ల దగ్గర కొలతలూ చెప్పవచ్చు, చరిత్రా చెప్పవచ్చు. సిలబస్ వెనకబడుతుందనే భయం అక్కర్లేదు, ఇవన్నీ సిలబస్‌లో ఉన్న పాఠాలే.

అపోహ: అందరికీ ఒకేలా చెప్పడమే సమానత్వం.

వాస్తవం: ఒకేలా చెబితే పాఠ్యపుస్తకం భాష ఇంట్లో ఉన్న పిల్లలకే అందుతుంది. ఈ జిల్లాలో బీడీలు చుట్టే తల్లులున్నారు, గల్ఫ్‌కు వెళ్లిన తండ్రులున్నారు. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలో, దుబాయి మ్యాపులో ఎక్కడుందో, ఇవి ఆ పిల్లలకు పట్టింపున్న ప్రశ్నలు. అయితే ఒక జాగ్రత్త. లంబాడీ పాప కనిపించగానే కుట్టు గురించే అడగడం కూడా అన్యాయమే. ఆమెకు అంతరిక్షం మీద ఆసక్తి ఉండొచ్చు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలై ఉండాలి. హెడ్మాస్టర్లూ, వచ్చే సమావేశానికి తండా తల్లులను పిలవండి. వాళ్ల పిల్లలకు ఇంట్లో ఏం తెలుసో అడిగి, రాసుకోండి.