సాకెట్ మారిస్తే బండి ఉరుకుతుందా?

అమరచింత చేనేతకు పేరున్న ఊరు. ఇది వనపర్తి జిల్లాలో ఉంది. 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. గద్వాల చీరలను గద్వాలలోనే కాదు, అమరచింత మగ్గాల మీద కూడా నేస్తారు.

ఆ ఊళ్ళో ఒక నేత కుటుంబం ఉందనుకోండి. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి రాట్నం మీద కండెలు చుడుతుంది. కొడుకు చీరల మూటను మోటారు సైకిలు మీద గద్వాలకు తీసుకుపోతాడు. జూరాల ఆనకట్ట దాటి పోవాలి. ఒక్కోసారి తల్లి కూడా బండి వెనక కూర్చుని పోతుంది.

ఒకరోజు కొడుకు అన్నాడు:

"అమ్మా, బండికి పికప్ లేదు. మూట పెడితే కదలనంటది. ముందు సాకెట్ మార్పిస్త. అప్పుడు చూడు, ఎట్ల ఉరుకుతదో!"

"సాకెట్ అంటే ఏందిరా?"

"పళ్ళ చక్రమమ్మా. ఒక పన్ను తక్కువున్నది వేస్తరు."

"చక్రానికి పన్ను తగ్గితే ఇంజనుకు బలం యాడికెల్లి వస్తది?" అని తల్లి అడిగింది.

కొడుకు జవాబు చెప్పలేకపోయాడు. ఆ జవాబు తల్లి ముందున్న రాట్నంలోనే ఉంది.

రాట్నంలో ఏం జరుగుతుంది?

రాట్నానికి ఒక పెద్ద చక్రం ఉంటుంది. పక్కన సన్నని కదురు ఉంటుంది. రెండింటినీ తాడు కలుపుతుంది. పెద్ద చక్రాన్ని ఒక్కసారి తిప్పితే కదురు ఎన్నోసార్లు తిరుగుతుంది. అందుకే కండె తొందరగా నిండుతుంది. కానీ కదురుకు బలం తక్కువ. దారం చిక్కుపడితే చాలు, ఆగిపోతుంది. వేగం పెరిగింది, బలం తగ్గింది.

మోటారు సైకిలులో ఇది తిరగబడి ఉంటుంది. ఇంజను దగ్గర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. వెనక చక్రానికి పెద్ద పళ్ళ చక్రం ఉంటుంది. వీటిని స్ప్రాకెట్లు అంటారు. వాడుకలో అది సాకెట్ అయింది. రెండింటినీ చైను కలుపుతుంది. ఇలాంటి చైనును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు తయారుచేశాడు.

బండిలో చిన్న చక్రం చాలాసార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. ఇక్కడ వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్టు గేరు వేసేది కూడా ఇందుకే. గేరు లోపల కూడా ఇలాంటి పళ్ళ చక్రాలే ఉంటాయి.

పళ్ళ లెక్క

చిన్న చక్రానికి 14 పళ్ళు, పెద్ద చక్రానికి 42 పళ్ళు ఉన్నాయనుకోండి. బండిని బట్టి ఈ లెక్క మారుతుంది.

14 మూళ్ళు 42. అంటే చిన్నది 3 సార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుంది.

ఇప్పుడు 14 పళ్ళది తీసి 13 పళ్ళది వేశారు. 13 మూళ్ళు 39. 42కు ఇంకా 3 పళ్ళు తక్కువ. కాబట్టి చిన్నది 3 సార్లు తిరిగినా చాలదు. ఇంకొంచెం తిరగాలి.

వెనక చక్రం 13 సార్లు తిరగాలంటే, పాత సాకెట్ 39 సార్లు తిరిగేది. కొత్త సాకెట్ 42 సార్లు తిరగాలి. దూరం అదే. ఇంజను మాత్రం ఎక్కువసార్లు తిరగాలి.

దీనివల్ల లాగే బలం పెరుగుతుంది. 13 పాళ్ళు ఉన్నది 14 పాళ్ళు అవుతుంది. బండి సులువుగా కదులుతుంది. కానీ ఇంజను మునుపటంత జోరుగానే తిరిగినప్పుడు, గంటకు 42 కిలోమీటర్లు పోయే బండి 39 కిలోమీటర్లే పోతుంది.

వెనక చక్రానికి 42 పళ్ళ బదులు 45 పళ్ళది వేసినా ఫలితం దాదాపు ఇంతే.

కాబట్టి తల్లి ప్రశ్నకు జవాబు ఇది: ఇంజనుకు కొత్త బలం రాదు. వేగాన్ని కొంత ఇచ్చి, లాగే బలాన్ని కొంత తెచ్చుకున్నట్టు.

లాభం ఎవరికి? నష్టం ఎవరికి?

బరువులు వేసుకుని, మట్టి దారిలో, ఎత్తుపల్లాల్లో మెల్లగా పోయేవారికి ఇది పనికిరావచ్చు. తారు రోడ్డు మీద దూరం పోయేవారికి మేలు తక్కువ. ఇంజను ఎక్కువ తిరుగుతుంది, మోత పెరుగుతుంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

చక్రం చిన్నదైతే చైను ఎక్కువగా వంగి తిరగాలి. అందువల్ల తొందరగా అరుగుతుంది. వెనక పెద్ద చక్రం వేస్తే పాత చైను పొడవు చాలకపోవచ్చు. పాత చైనుకు కొత్త సాకెట్ వేస్తే ఆ కొత్తదీ త్వరగా అరుగుతుంది. అందుకే చైను, రెండు సాకెట్లు కలిపి మార్చాలి. ఒక పన్ను ఖర్చు అనుకున్నది మూడు సామాన్ల ఖర్చు అవుతుంది.

చీర కొంగు జాగ్రత్త

పెద్ద చక్రం వేసినప్పుడు చైను కవరుకు తగలవచ్చు. కొందరు ఆ కవరునే తీసేస్తారు. ఇది చాలా ప్రమాదం. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీర కొంగు, చున్నీ చైనులో చుట్టుకుంటే మనిషి కింద పడుతుంది. ప్రాణం పోవచ్చు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఈ రక్షణ గురించి చెబుతున్నాయి. వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకునే పిడి ఉండాలి. కాళ్ళు పెట్టుకునే చోటు ఉండాలి. బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. ఇవి లేని బండి ఎక్కవద్దు. "కవరు ఏది?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

ముందు ఏం చూడాలి?

తల్లి, కొడుకు కలిసి మెకానిక్కు దగ్గరికి పోయారు.

"అన్నా, మొదట్ల ఈ బండి మంచిగనే లాగేది. ఇప్పుడెందుకు లాగుతలేదు? అది చూడు" అన్నది తల్లి.

మెకానిక్కు బండిని స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి చూశాడు. చక్రం సులువుగా తిరగలేదు. బ్రేకు పట్టేసి ఉంది. టైరులో గాలి తక్కువగా ఉంది. గాలి ఫిల్టరు నిండా దుమ్ము ఉంది.

"అక్కా, సాకెట్ ఇంకా మంచిగనే ఉన్నది. వీటిని సరిచేస్తే చాలు" అన్నాడు.

ఆ పనులు చేయించాక బండి మూటతో కూడా బాగానే కదిలింది. కొడుకు మళ్ళీ సాకెట్ మాట ఎత్తలేదు.

గుర్తుంచుకోండి

పికప్ తగ్గితే మొదట గాలి, బ్రేకు, ఫిల్టరు, క్లచ్చి, చైను చూపించాలి.

సాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగితే అవి అరిగాయని అర్థం. అప్పుడు కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం కొత్తవి వేయించాలి.

ఇంజను నడుస్తుండగా, చక్రం తిరుగుతుండగా చైను దగ్గర వేలు పెట్టరాదు.

చేసి చూడండి

మీ ఇంట్లో సైకిలు ఉందా? పెడలు దగ్గరి పళ్ళు, వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టండి. ఒకసారి పెడలు తిప్పితే వెనక చక్రం ఎన్నిసార్లు తిరుగుతుంది? అది రాట్నంలా ఉందా, మోటారు సైకిలులా ఉందా? మీ పుస్తకంలో రాయండి.