సంతకం పాలకులది, భారం ప్రజలది

సైనిక కూటముల ప్రసక్తి రాజధానిలో వచ్చినప్పుడల్లా శత్రువెవరన్న చర్చే నాకు వినవస్తుంది; ప్రజల అభిమతమేమిటని అడిగేవారు అరుదు. ఈ విషయంలో తూర్పు బెంగాల్ అనుభవం స్మరించదగినది.

1954 మార్చి ఎన్నికలలో అక్కడి ప్రజలు ముస్లిం లీగును చిత్తుగా ఓడించారు. కొత్తగా ఎన్నికైన శాసనసభ్యులనేకులు అమెరికాతో సైనిక ఒప్పందాన్ని నిరసించారు. అయినా మే 19న కరాచీలో సంతకాలు జరిగాయి. నెలాఖరుకు ఫజ్లుల్ హక్ మంత్రివర్గం బర్తరఫ్ అయింది. సెప్టెంబరులో సియాటో, 1955లో బాగ్దాద్ ఒడంబడిక వచ్చాయి.

పశ్చిమాన పాలకులకు ఆ ఆయుధాలు భారత్ ఎదుట ధైర్యమిచ్చాయి. వరదలతో, జనపనార ధరలతో సతమతమయ్యే బెంగాలీ రైతుకు అవి తనవిగా తోచలేదు. బెంగాలీలలోనూ ఏకాభిప్రాయం లేదు: 1957లో కాగ్మారి మహాసభలో మౌలానా భాషానీ ఒడంబడికలను ఎదిరించగా, స్వపక్షానికే చెందిన ప్రధాని సుహ్రావర్దీ సమర్థించారు. చివరకు పార్టీ చీలింది.

1965 యుద్ధంలో కూటములు ఆదుకోలేదు. అమెరికా ఆయుధ సరఫరా నిలిపివేసింది. తమ ప్రాంతాన్ని రక్షణ లేకుండా వదిలేశారన్న బెంగాలీల ఆవేదన 1966 నాటి ఆరు సూత్రాలలో ప్రత్యేక దళం కోరికగా వెలువడింది. 1971లో దేశమే చీలింది.

మన రాజ్యాంగం ప్రకారమూ విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అందుచేతనే, సంతకానికి ముందే సభలో ప్రశ్నించడం సభ్యుల విధి.