మైలుతుత్తము నేర్పిన లెక్క

తక్కెడ పదార్థముయొక్క భారమును మాత్రమే తెలుపును. రసాయనసంయోగములయందు ద్రవ్యములు కణముల లెక్కచొప్పున కలియును. కణములను ఒక్కొక్కటిగా లెక్కించుట ఎవరి తరమును గాదు. అందుచేత తమలపాకులను కట్టలచొప్పున లెక్కించునట్లు శాస్త్రజ్ఞులు కణములను మోలులచొప్పున లెక్కింతురు. ఒక మోలనగా 6.02214076 × 10²³ కణములు. 2019వ సంవత్సరము మే 20వ తేదీనుండి మోలునకు ఇదియే నిర్వచనము.

సంయోగపదార్థముయొక్క సూత్రమునందలి పరమాణుభారములన్నిటిని కూడి, ఆ మొత్తమును గ్రాములలో గ్రహించినచో అదియే యొక మోలు భారము. మనయొద్దనున్న గ్రాములను దానిచే భాగించినచో మోలుల సంఖ్య లభించును. నీటియందు ఉదజని పరమాణువులు రెండు, ఆమ్లజని పరమాణువొకటి కలవు. 2, 16 చేరి 18. కావున 36 గ్రాముల నీరు 2 మోలులు.

ఇది సులభమేయని తలచి మేము మోసపోయిన విధమును తోడివిద్యార్థులకు విన్నవింతుము. లీటరునకు 0.1 మోలు గల మైలుతుత్తపు ద్రావణము మాకు కావలసివచ్చెను. రాగి 63.5, గంధకము 32, ఆమ్లజని నాలుగింటికి 64, వెరసి 159.5 అని కూడి, అందు పదియవవంతగు 15.95 గ్రాముల నీలిస్ఫటికములను తూచి కరగించి లీటరు చేసితిమి. అందు 5.6 గ్రాముల, అనగా 0.1 మోలు, ఇనుపరజను వేసితిమి. ఇనుప పరమాణువొకటి కరగిన రాగి పరమాణువొకటి వెలువడును గాన, ఇనుమంతయు కరగిపోవునని మా యూహ. నీలవర్ణము పోయినది, కాని అయస్కాంతము చూపగా ఇనుము కొంత మిగిలియే యుండెను.

ఉపాధ్యాయులవారు చిరునవ్వు నవ్వి, కొన్ని స్ఫటికములను గాజుగొట్టములో వేసి కాచుడనిరి. గొట్టపు పైభాగమున నీటిబొట్లు కనబడెను. స్ఫటికములు తెల్లని పొడి యయ్యెను. చల్లారిన పిదప నీటిచుక్క వేయగా పొడి మరల నీలమయ్యెను. పొడిగా కనబడు ఆ స్ఫటికములలో ఒక్కొక్క సూత్రమునకు అయిదు నీటి అణువులు చేరియున్నవని అప్పుడు గ్రహించితిమి. వాని భారము 90. కావున ఒక మోలు భారము 159.5 గాదు, 249.5. మేము వేసినది సుమారు 0.064 మోలు మాత్రమే, వేయవలసినది 24.95 గ్రాములు.

చాకలిసోడా స్ఫటికములలో ఇట్లే పది నీటి అణువులు గలవు. భాగహారము చిన్నతరగతులవారికిని తెలిసినదే. దేనిచే భాగింపవలయునో తెలియుటకు ముందుగా సీసామీది చీటిని పూర్తిగా చదువవలెను.