బజారు దారి చూపే ఫలహారం

మొదటి సమావేశంలో మేము చేసిన పొరపాటును ముందే చెప్పుకోవటం న్యాయం. విజయవాడలో మా మిత్రబృందం పదకొండుమంది కలిసి, వేర్వేరు వృత్తుల్లో ఉన్న ముస్లిములను ఒకచోట చేర్చి పరస్పరం పరిచయం చేయాలన్న ఉద్దేశంతో ఒక ఆదివారం ఉదయం అల్పాహార సమావేశం ఏర్పాటు చేశాము. డెబ్భైమంది వచ్చారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలు, మందుల దుకాణాల వారు, న్యాయవాదులు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుర్రవాళ్లు. పెసరట్టు, ఉప్మా బాగా కుదిరాయని అందరూ మెచ్చుకున్నారు. వేదిక, మైకు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథికి శాలువా, దేనికీ లోటు లేదు. ముఖ్య అతిథి నలభై నిమిషాలు ప్రసంగించారు. ఆ తర్వాత ఖర్చులో సగం భరించిన పెద్దమనిషి మరో పావుగంట మాట్లాడారు. అందరూ ఫొటోలు దిగి ఎవరి దారిన వారు వెళ్లారు.

ఆ హాలులో ఎడమ గోడ పక్కన ప్లేటు పట్టుకుని నిలబడిన ఒక యువకుణ్ణి మాలో ఇద్దరం చూశాము. సలాం చెప్పి, "నాష్తా చేశావా బేటా?" అని అడిగి ముందుకు సాగిపోయాము. కువైట్‌లో ఒక పెద్ద శీతల గిడ్డంగిలో ఏడేళ్లు కంప్రెసర్ల మెకానిక్‌గా పనిచేసి, ఆ సంస్థ మూతపడగా తిరిగివచ్చినవాడని మూడు వారాల తర్వాత తెలిసింది. అదే హాలులో, అతనికి పది అడుగుల దూరంలో, గుంటూరు దారిలో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే వ్యాపారి ఒకరు కూర్చుని ఉన్నారు. యంత్రాలు చూసుకునే నమ్మకస్తుడు దొరక్క ఆయన రెండు నెలలుగా అవస్థ పడుతున్నారు. ఇద్దరూ మా పెసరట్టు తిన్నారు, ఇద్దరూ మా ముఖ్య అతిథి ప్రసంగం విన్నారు. ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే వెళ్లిపోయారు. సంగతి తెలిసి మేము ఫోను చేసేసరికి ఆ యువకుడు భార్య గాజులు కుదువపెట్టి, డ్రైవరు వీసా మీద మస్కట్ చేరుకున్నాడు.

ఆ రోజు హాజరు పుస్తకం తెరిచి చూశాము. అందులో పేరు, ఊరు, హోదా అని మూడు గడులు గీసింది మేమే. అతని పేరు ఉంది, ఊరు ఉంది. హోదా గడి మాత్రం ఖాళీగా ఉంది.

మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. దైవప్రవక్త (స) ఆయనకూ, అన్సారుల్లో సంపన్నులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ మధ్య సోదరబంధం ఏర్పరచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, బజారు ఎటు ఉందో చూపమని మాత్రం కోరారు. బనూ ఖైనుఖా బజారులో ఎండు పెరుగు, నెయ్యి బేరాలతో ఆయన వ్యాపారం మొదలైంది. ఈ ఘటనను మనం సాధారణంగా ఆయన ఆత్మాభిమానానికి ఉదాహరణగా చెప్పుకుంటాము. బజారు దారి తెలిసినవారు ఆ దారి చూపటం కూడా ఇందులో ఉందని మాకు ఆ ఖాళీ గడి చూసిన తర్వాతనే తట్టింది. మేము పెసరట్టు పెట్టాము, దారి చూపలేదు.

ఉదయపు ఫలహారం వద్ద వ్యాపార పరిచయాలు చేసుకోవటం లోకంలో కొత్త విషయమేమీ కాదు. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఐవన్ మైస్నర్ ప్రారంభించిన బీఎన్ఐ అనే సంస్థ ఈ పద్ధతిని అనేక దేశాలకు విస్తరింపజేసింది. మన నగరాల్లోనూ దాని శాఖలు ఉన్నాయి. ఒక్కో శాఖలో ఒక్కో వృత్తికి ఒక్కరినే చేర్చుకుంటారు, సభ్యులు రుసుము చెల్లించి క్రమం తప్పకుండా కలుస్తారు. కుదురుకున్న వ్యాపారికి అది ఉపయోగకరమైన ఏర్పాటే. కాని మా గోడ పక్కన నిలబడిన యువకునికి అందులో చోటు దొరకటం కష్టం. అక్కడి క్రమశిక్షణను, అంటే సమయపాలనను, ప్రతి ఒక్కరూ తమ అవసరాన్ని నోటితో చెప్పే పద్ధతిని తీసుకుని, మిగిలినది మాకు తగినట్లు మార్చుకున్నాము.

వేళ విషయంలో మేము చాలాసేపు వాదించుకున్నాము. ప్రాతఃకాలంలో శుభం ఉండాలని దైవప్రవక్త (స) తమ సముదాయం కోసం ప్రార్థించారు. ఆ హదీసు ఉల్లేఖించిన సఖ్ర్ గామిదీ (రజి) స్వయంగా వర్తకులు, సరుకును తెల్లవారుజామునే పంపి సంపన్నులయ్యారు. కాబట్టి ఫజ్ర్ నమాజు కాగానే మొదలుపెడదామని కొందరన్నారు. జనవరి నెలలో ఇక్కడ సూర్యోదయమే 6-30 దాటుతుంది. దూరం నుంచి వచ్చేవారి మాటేమిటి? చివరకు ఏడు గంటలకు ఖరారు చేసి, మా ఇళ్లలో చెప్పాము. అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. "మీ సమావేశానికి టీచర్లను, డాక్టర్లను, బట్టలు కుట్టేవారిని, ఇంటినుంచి వంటల ఆర్డర్లు తీసుకునేవారిని, మమ్మల్నందరినీ రమ్మంటున్నారు సరే. ఆదివారం ఏడింటికి మీ ఇళ్లలో నాష్తా ఎవరు పెడతారు?" మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మొదటి సమావేశానికి స్త్రీలు ఒక్కరు కూడా ఎందుకు రాలేదో అప్పటికి అర్థమైంది. ఏడున్నరకు మార్చి, స్త్రీలకు హాలులోనే ప్రత్యేకంగా బల్లలు వేసి, వాటి బాధ్యత స్త్రీలకే అప్పగించి, పిల్లల కోసం పక్కగదిలో చాపలు పరిచాము. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చే ఇళ్లలో ముందురోజు రాత్రే ఇడ్లీ పిండి రుబ్బే పని మగవారిదని కూడా తీర్మానించాము. ఈ తీర్మానం ఎంతవరకు అమలైందో విచారించలేదు.

రెండో సమావేశానికి నలభై ఎనిమిది మందినే పిలిచాము. అంతకు మించితే పరిచయాలు జరగవని మా అనుభవం. వేదిక లేదు, మైకు లేదు, శాలువాలు అసలే లేవు. ఎనిమిది బల్లలు, బల్లకు ఆరుగురు. ప్రతి బల్లకు ఒక మేజ్‌బాన్. ఈ మేజ్‌బాన్ ఎంపికలోనే సమావేశం సగం జయాపజయాలు తేలిపోతాయి. బాగా మాట్లాడేవారికన్నా బాగా వినేవారిని, ఊళ్లో నలుగురిని ఎరిగినవారిని ఎంచుకోవాలి. తన బల్ల వద్దకు వచ్చే వారెవరో వారికి రెండు రోజుల ముందే తెలిసి ఉండాలి. మాలో ఒకరు ఒక్కో అతిథికి ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడి, ఆ వివరాలు మేజ్‌బాన్‌కు అందజేశారు. విసుగు పుట్టించే పనే, కాని దీనిని తప్పిస్తే మిగిలేది భోజనశాల మాత్రమే.

హాజరు పుస్తకంలో హోదా గడి తీసేశాము. దానికి బదులు ప్రతి అతిథికి ఒక కార్డు ఇచ్చాము. పైన పేరు, దాని కింద "నాకు వచ్చిన పని", "నాకు కావలసినది" అని రెండు వరుసలు. ఉద్యోగం లేదని పదిమందిలో చెప్పుకోవటానికి సిగ్గుపడే మనిషి, తనకు వచ్చిన పని చెప్పటానికి సిగ్గుపడడు. కార్డులను అందరూ దూరం నుంచి చదవగలిగేలా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాము. ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు, పావుగంటకు ఒకసారి బల్ల మారాలి. ఎవరు ఏ బల్లకు వెళ్లాలో కార్డు వెనుక ముందే రాసి ఉంటుంది. మూడు దఫాలు ముగిసేసరికి ప్రతి ఒక్కరూ కనీసం పదిమందితో ముఖాముఖి మాట్లాడారు. ముగ్గురు సహాయకులతో కుట్టుపని చేసే ఒక ఆపా పాఠశాల యూనిఫారాల ఆర్డరు కావాలని రాశారు. ఒక తండ్రి తన కుమార్తె బి.ఫార్మసీ పూర్తిచేసిందని, అనుభవం కోసం మందుల దుకాణంలో చోటు కావాలని రాశారు. ఆ అమ్మాయి రెండు వారాల్లో పనిలో చేరింది. యూనిఫారాల విషయం ఇంకా తేలలేదు.

ఆహారం గురించి చెప్పవలసింది తక్కువ. హైదరాబాదు మిత్రులు నిహారీ, కుల్చా పెట్టమని సలహా ఇచ్చారు. పగలు అని అర్థమిచ్చే 'నహార్' అనే అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరే కాబట్టి ఉదయానికి తగినదేనని వాదించారు. కాని నిహారీ తిన్నవారికి మాటలు రావు, నిద్ర వస్తుంది. మనిషికి మూడు ఇడ్లీలు, ఒక వడ, చక్కెర వేసిన ఛాయ్, వేయని ఛాయ్ వేర్వేరు ఫ్లాస్కుల్లో. కూర్చుని తినేలా ఏర్పాటు చేశాము. నిలబడి ప్లేటు పట్టుకున్నవాడు గోడ వెతుక్కుంటాడు. ఖర్చు మనిషికి 120 రూపాయలు పడింది. గుమ్మం వద్ద మూతపెట్టెలో కవరు వేయమన్నాము. ఎవరు ఎంత వేశారో, ఎవరు ఖాళీ కవరు వేశారో ఎవరికీ తెలియదు. ఒక్కరి సొమ్ముతో జరిపితే ఆ ఒక్కరి ప్రసంగం వినక తప్పదని మొదటిసారే తెలుసుకున్నాము.

ఒక జాగ్రత్త. ఇటువంటి చోటికి గొలుసుకట్టు పథకాల వారు తప్పక వస్తారు. మా వద్దకూ ఒకరు వచ్చి, రెండో దఫాలోనే బల్ల మీద కరపత్రాలు పరిచారు. మేజ్‌బాన్ మర్యాదగా వాటిని మడిచి ఆయన సంచిలోనే పెట్టారు. అప్పు అడగటం, చీటీలు కట్టించటం, పథకాల్లో చేర్పించటం ఇక్కడ కుదరదని అప్పటి నుంచి ఆహ్వానంలోనే రాస్తున్నాము. పరిచయం చేయటం ఒక రకంగా సాక్ష్యం చెప్పటమే. కాబట్టి మనకు తెలిసినంతే చెప్పాలి. "మా వాడే, కళ్లు మూసుకుని తీసుకోండి" అనే మాట మన సమాజంలో ఎన్నో స్నేహాలను చెడగొట్టింది.

అసలు పరీక్ష సోమవారం నుంచి మొదలవుతుంది. ఆదివారం హాలులో "ఫోను చేస్తాను భాయ్" అన్నవారిలో సగానికి పైగా చేయలేదు. చెడ్డవారు కారు, మరిచిపోయారంతే. అందువల్ల ఇప్పుడు మేజ్‌బాన్‌లు కార్డుల నకళ్లు తమ వద్ద ఉంచుకుని, బుధవారం సాయంత్రం లోపల ఇరువైపులా గుర్తుచేస్తున్నారు. ఈ పని చేయలేనివారు సమావేశం జరపకపోవటమే మంచిదని మా అభిప్రాయం.

కోల్డ్ స్టోరేజీ వ్యాపారి ఇప్పుడు మా మూడో బల్ల మేజ్‌బాన్. ఆయనకు మెకానిక్ దొరికాడు గాని, వచ్చే సీజనుకు మరొకరు కావాలంటున్నారు. మస్కట్ వెళ్లిన యువకుడు వచ్చే నెలలో సెలవుపై వస్తున్నాడని అతని అన్నయ్య చెప్పారు. ఆ ఆదివారానికి అతని పేరుతో ఒక కార్డు రాసి ఉంచాము. మొదటి దఫాకు మూడో బల్ల.